చైనా హోటలూ, వీసా గొడవలూ

న్యూజెర్సీలో మా ఆఫీసుకి అయిదు నిమిషాల దూరంలో ఒక చైనీస్ హోటలుంది. ఒక పక్క లాండ్రీ, ఇంకో పక్క గోళ్ళకి రంగులేసే షాపు, మధ్యలో ఇది. పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, ఇలాంటిదే మీ ఆఫీసు పక్కన కూడా ఒకటి ఉండే ఉంటుంది. దీని మీద మా టీములో ఉన్నన్ని అభిప్రాయాలు మా ప్రాజెక్టు డిజైను మీద కూడా లేవు. గుంటూరబ్బాయి ఒకడు "పన్నెండు డాలర్లకి రెండు పూటలకి సరిపడా పెడతాడు, దేవుడు బాస్" అంటాడు. వరంగల్ నుంచి వచ్చిన శాకాహారి అమ్మాయి, వెజ్ సూపులో చికెన్ ఉడికించిన నీళ్ళు పోస్తారని తెలిసిన రోజు నుంచి ఆ గుమ్మం తొక్కలేదు. మా అమెరికన్ మేనేజరుకి అక్కడ తింటే తలనొప్పి వస్తుందట, అంతా అజినమోటో మహిమట. టెస్టింగులో ఉన్న చైనా ఆయనైతే అసలిది చైనా తిండే కాదంటాడు, కానీ ప్రతి శుక్రవారం అక్కడే కనిపిస్తాడు, అదీ మెనూలో లేనివి తింటూ. వెయిటరు నవ్వడనీ, తినడం అవ్వకముందే బిల్లు తెచ్చి బల్ల మీద పెడతాడనీ అందరి ఫిర్యాదూ. ఇక మనవాళ్ళలో కొత్తగా దిగిన ప్రతివాడూ అడిగేది ఒకటే, "మంచూరియా ఏది?"

ఒక్క హోటలు మీద ఇన్ని మాటలేంటా అని కుతూహలం పుట్టి, గత కొన్ని నెలలుగా వారాంతాల్లో దీని చరిత్ర చదువుతూ కూర్చున్నా. చదివాక అర్థమైంది, ఈ పంచాయితీ కొత్తది కాదు, నూట డెబ్భై ఏళ్ళ నుంచీ నడుస్తోంది. ఇంకో సంగతి కూడా తెలిసింది, అది మనలాంటి వీసా జీవులకి తెలియాల్సింది. ఆ హోటలు అక్కడ ఉండటానికీ, చవగ్గా ఉండటానికీ, వెయిటరు నవ్వకపోవడానికీ కారణాలు వంటగదిలో లేవు. చాలావరకు ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఉన్నాయి.

మొదట్నుంచీ వస్తాను. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఎగబడ్డారు. దక్షిణ చైనాలో కాంటన్ చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు ఓడలెక్కి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు. తవ్వేవాళ్ళంతా మగాళ్ళే, వండి పెట్టే దిక్కు లేదు. అప్పుడు చైనా వాళ్ళు పూటకూళ్ళ ఇళ్ళు తెరిచారు, గుర్తుగా బయట పసుపురంగు జెండా కట్టేవాళ్ళు. బేయర్డ్ టేలర్ అనే విలేఖరి ఆ రోజుల్లో అక్కడ తిరిగి, 1850లో 'ఎల్ డొరాడో' అని పుస్తకం వేశాడు. అందులో ఈ హోటళ్ళ ప్రస్తావన ఉంది. ఒక డాలరు ఇస్తే ఎంత తిన్నా అడిగేవాడు లేడు (మన భాషలో ఫుల్ మీల్స్ అన్నమాట). టీ, కాఫీలైతే వాళ్ళ తర్వాతే ఎవరైనా అన్నట్టు రాశాడు. తమాషా ఏంటంటే, వాళ్ళు వడ్డించేవాటిలో ఆయన కర్రీ పేరు కూడా చెప్తాడు! అమెరికాలో చైనా హోటలు పుట్టిన నాటికే మెనూలో కర్రీ ఉందన్నమాట. అసలు సిసలు చైనా వంట అంటూ దెబ్బలాడుకునేవాళ్ళకి ఇది చూపించాలి.

ఆ రోజుల్లోనే రెండో రకం మాట కూడా మొదలైంది. చైనా వాడు పెట్టే మాంసం ఏ మాంసమో, ఎలుకో, పిల్లో, కుక్కో అని. ఈ పుకారు ఎంత ముదిరిందంటే, వాంగ్ చిన్ ఫూ అనే చైనా అమెరికన్ పత్రికా రచయిత 1883లో న్యూయార్క్‌లో ఒక పందెం కాశాడు. చైనా వాళ్ళు ఎలుకల్ని, పిల్లుల్ని తింటారని రుజువు చేసినవాడికి 500 డాలర్లు. ఆ కాలంలో 500 డాలర్లంటే మాటలు కాదు. ఒక్కడూ వచ్చి పట్టుకెళ్ళలేదు. పుకారు మాత్రం ఆగలేదు. మన ఊళ్ళలో కూడా బండి మీద చికెన్ నూడుల్స్ చవగ్గా ఇచ్చేవాడి గురించి "అది కోడి కాదురా, కాకి" అనుకోవడం మీకూ గుర్తుండే ఉంటుంది. చవక తిండి, మనకి తెలియని మనిషి, తెరలేని వంటగది. ఈ మూడూ కలిస్తే ఎక్కడైనా పుట్టే కథ అదే.

బంగారం తగ్గేకొద్దీ చైనా వాళ్ళ మీద తెల్ల కూలీల కడుపుమంట పెరిగింది. 1852లో పరాయి దేశపు తవ్వకందార్ల మీద నెలకి 3 డాలర్ల పన్ను వేశారు, దాని గురి ప్రధానంగా వీళ్ళ మీదే. తర్వాత పదివేలకి పైగా చైనా కూలీలు కొండలు పేల్చి పడమటి వైపు రైలుదారి వేశారు. 1869లో అది పూర్తవగానే వాళ్ళ అవసరం తీరిపోయింది. గనుల్లో వద్దన్నారు, ఫ్యాక్టరీల్లో వద్దన్నారు. ఇక మిగిలినవి తెల్ల మగాడు పోటీకి రాని పనులు, బట్టలుతకడం, వంట చెయ్యడం. అవి ఆడవాళ్ళ పనులని వాళ్ళ లెక్క. చైనా వాళ్ళకి వంట రక్తంలో ఉందనీ, ఇస్త్రీ రక్తంలో ఉందనీ తర్వాత తరాలు అనుకున్నాయి గానీ, అసలు జరిగింది ఇదీ. మనకి కోడింగు రక్తంలో ఉందనుకునేవాళ్ళు లేరూ, అలాగే.

1882లో చైనీస్ ఎక్స్‌క్లూజన్ యాక్ట్ వచ్చింది. చైనా నుంచి కూలీలెవరూ రాకూడదు, ఉన్నవాళ్ళకి పౌరసత్వం ఇవ్వకూడదు. ఒక జాతిని పేరు పెట్టి వద్దన్న మొదటి పెద్ద అమెరికన్ వలస చట్టం ఇదే. పదేళ్ళకని చెప్పి, 1892లో మరో పదేళ్ళు పొడిగించి, ఆ తర్వాత గడువన్నదే లేకుండా చేసేశారు. ఈ చట్టాన్ని సమర్థించడానికి వాడిన వాదనల్లో తిండి కూడా ఉంది. 1902 ప్రాంతంలో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘం ఒక కరపత్రం వేసింది, దాని పేరే 'మాంసమా, అన్నమా' అనే అర్థంలో ఉంటుంది. మాంసం తినే అమెరికన్ మగతనం నిలుస్తుందా, అన్నం తిని చవగ్గా బతికే ఆసియా కూలీ నిలుస్తాడా అని ప్రశ్న. సంఘం పెద్ద శామ్యూల్ గాంపర్స్ దాని వెనక ఉన్నాడు. మూడు పూటలా అన్నం తినే జిల్లాల నుంచి వచ్చిన నాకు ఇది చదువుతుంటే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. తక్కువ జీతానికి ఒప్పుకుని మా ఉద్యోగాలు పట్టుకుపోతున్నారు అనే మాట మనం ఏ సంవత్సరంలో విన్నా, దాని తాతగారు ఈ కరపత్రంలో కూర్చుని ఉన్నారు.

మాటలతో ఆగలేదు. మోంటానాలో బ్యూట్ అనే గనుల ఊళ్ళో 1890ల్లో యూనియన్లు చైనా హోటళ్ళనీ లాండ్రీలనీ బాయ్‌కాట్ చేశాయి, లోపలికెళ్ళేవాళ్ళని వాకిట్లోనే ఆపేవాళ్ళు. ఇక్కడ నాకు నచ్చిన సంగతేంటంటే చైనా వ్యాపారులు మూటలు సర్దుకుని వెళ్ళిపోలేదు, కోర్టుకెళ్ళారు, గెలిచారు. అయితే గెలిచేసరికి ఊళ్ళో చాలామంది వెళ్ళిపోయారనుకోండి.

ఇప్పుడు అసలు కథ. 1882 చట్టం కూలీల్ని ఆపింది గానీ కొందరిని వదిలేసింది. విద్యార్థులు, టీచర్లు, యాత్రికులు, వ్యాపారులు. వ్యాపారి హోదా ఉంటే చైనా వెళ్ళి తిరిగి రావచ్చు, పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవచ్చు. అంటే అది ఆనాటి బంగారు వీసా. మరి వ్యాపారి అంటే ఎవరు? 1893లో చట్టానికి ఒక సవరణ చేసి నిర్వచనం ఇచ్చారు. ఒక స్థిరమైన చోట సరుకు కొని అమ్మేవాడు, చేతులతో కూలిపని చెయ్యనివాడు. దానికి ఇద్దరు నమ్మదగిన సాక్షులు చెప్పాలి, ఆ సాక్షులు చైనా వాళ్ళు కాకూడదు. కిరాణా కొట్టువాడు వ్యాపారే. హోటలు వాడు? వాడు వండుతాడు, వండటం కూలిపని, కాబట్టి కాదు. చాలా ఏళ్ళు ఇదే లెక్క నడిచింది.

1915లో ఒక ఫెడరల్ కోర్టు, హోటలు యజమాని కూడా వ్యాపారి కిందికే వస్తాడని తీర్పిచ్చింది. అంతే, గేటు తెరుచుకుంది. దీని మీద హెదర్ లీ అనే చరిత్రకారిణి పాత ఇమ్మిగ్రేషన్ ఫైళ్ళు తవ్వి పరిశోధన చేసింది. ఆవిడ లెక్క ప్రకారం న్యూయార్క్‌లో చైనా హోటళ్ళు 1910, 1920 మధ్య నాలుగు రెట్లయ్యాయి, తర్వాతి పదేళ్ళలో మళ్ళీ రెట్టింపుకి మించాయి. అమెరికన్లకి ఉన్నట్టుండి నూడుల్స్ మీద ప్రేమ పుట్టడం ఒక్కటే కాదు కారణం, వీసా!

నిబంధనలు వింటే మన హెచ్-1బి పిటిషన్ గుర్తొస్తుంది. హోటలు పెద్దదై ఉండాలి, నాణ్యమైనదని అనిపించుకోవాలి. అందులో అర్జీదారుడికి చెప్పుకోదగ్గ పెట్టుబడి ఉండాలి. కనీసం ఒక ఏడాది పూర్తికాలం మేనేజరుగా ఉండాలి, ఆ ఏడాదిలో వండకూడదు, వడ్డించకూడదు, గల్లాపెట్టె దగ్గర కూడా కూర్చోకూడదు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వచ్చి చుట్టుపక్కల తెల్లవాళ్ళని అడిగేవాళ్ళు, ఈయన వంటగదిలో గరిటె తిప్పడం ఎప్పుడైనా చూశారా అని. మాంసం సప్లై చేసేవాడో, ఇల్లు అద్దెకిచ్చినవాడో సాక్ష్యం చెప్పాలి. గిన్నె కడిగినట్టు ఎవడైనా చెప్పాడంటే కేసు గోవిందా.

దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చూడండి, ఏ ఆర్కిటెక్టుకీ తట్టదు. ఒక ఊరి వాళ్ళు, బంధువులు కలిసి డబ్బు పోగేస్తారు. అందరూ భాగస్తులే. ఒక పెద్ద హోటలు తెరుస్తారు. మొదటివాడు ఏడాది, ఏడాదిన్నర మేనేజరు, సూటు వేసుకుని నిలబడతాడు, చేత్తో పుల్ల ముట్టుకోడు. వాడికి వ్యాపారి కాగితం రాగానే చైనా వెళ్తాడు, కుటుంబాన్ని తెచ్చుకుంటాడు. అప్పుడు రెండోవాడు మేనేజరు. తర్వాత మూడోవాడు. రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్! ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకంలో చదివి పరీక్ష రాసి మర్చిపోయాం, వీళ్ళు దాంతో సంసారాలు కలిపేసుకున్నారు.

దీన్నిబట్టి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. చట్టం పెద్ద హోటలు కావాలంది కాబట్టి పెద్దవే కట్టారు. 1920ల న్యూయార్క్, షికాగోల్లో చాప్ స్యుయీ ప్యాలెస్‌లని ఉండేవి, షాండ్లియర్లు, పాలరాయి బల్లలు, బ్యాండు, డాన్సు ఫ్లోరు. తక్కువ డబ్బుకి గొప్ప భోగం అని గుమాస్తాలు, టైపిస్టు అమ్మాయిలు ఎగబడి వెళ్ళారు. ఆ కస్టమర్లు మురిసిపోయిన షాండ్లియర్ వెనక ఒక వీసా నిబంధన కూడా వేలాడుతోందని వాళ్ళకేం తెలుసు.

చాప్ స్యుయీ అన్నాను కదా, అదేంటో చెప్పాలి. కాంటన్ వైపు భాషలో ముక్కలు తునకలు కలిపి వేయించినది అని అర్థం. మన వైపు రాత్రి మిగిలినవన్నీ కలిపి పోపేసినట్టు. 1896లో చింగ్ వంశపు మంత్రి లీ హాంగ్‌జాంగ్ న్యూయార్క్ వచ్చినప్పుడు ఆయన వంటవాడు కనిపెట్టాడని ఒక కట్టుకథ ప్రచారంలో ఉంది. అంతకు పదేళ్ళ ముందే, పైన పందెం కాసిన వాంగ్ చిన్ ఫూనే దాని గురించి రాశాడు. కట్టుకథే అయినా వ్యాపారానికి పనికొచ్చింది. రాజుగారు తిన్నది అంటే ఎవడు కాదంటాడు, "నిజాం వంటవాడి బిర్యానీ" అని బోర్డు పెడితే మనం వెళ్ళట్లా?

సంతోషపడిన కస్టమర్లలో ముందు చెప్పాల్సింది న్యూయార్క్ యూదుల గురించి. ఆదివారం కూడా తెరిచే ఉంటాయి, క్రిస్మస్‌నాడూ తెరిచే ఉంటాయి, పక్క వీధే, చవక, పైగా "నువ్వు యూదువా" అని ఎవడూ మొహం చిట్లించడు. వాళ్ళ మతంలో మాంసం, పాలు కలపకూడదు, చైనా వంటలో పాలే ఉండవు. పంది మాంసం సంగతేంటి మరి? సన్నగా తరిగి, పిండిలో చుట్టి, సాసులో ముంచేస్తే కనపడదు. కనపడకపోతే దోషం లేదు. ఈ సర్దుబాటు మీద సామాజిక శాస్త్రవేత్తలు పేపర్లు కూడా రాశారు. కేకులో గుడ్డు కనపడదు కాబట్టి తినేసే మా పిన్నికి చెప్తే బాగా అర్థమవుతుంది :) 1899లోనే ఒక యూదు పత్రిక తమ వాళ్ళు చైనా హోటళ్ళలో తింటున్నారని చీవాట్లు పెట్టింది. ఎవరు విన్నారు.

రెండో పక్క చూస్తే 1909. న్యూయార్క్‌లో ఎల్సీ సీగెల్ అనే తెల్లమ్మాయి శవం ఒక ట్రంకు పెట్టెలో దొరికింది, చాప్ స్యుయీ హోటలు పైనున్న గదిలో. అనుమానం ఒక చైనా యువకుడి మీద, అతను ఎప్పటికీ దొరకలేదు. దేశమంతా చైనా హోటళ్ళ మీద పడింది. అక్కడికి వెళ్ళే ఆడపిల్లలు చెడిపోతారని పత్రికలు రాశాయి, పోలీసులు తనిఖీలు పెట్టారు. మసాచుసెట్స్‌లో ఇరవయ్యొక్క ఏళ్ళ లోపు ఆడవాళ్ళు చైనా హోటల్లో అడుగు పెట్టకూడదని బిల్లు కూడా తయారైంది, రాష్ట్ర సుప్రీం జ్యుడీషియల్ కోర్టు చెల్లదు పొమ్మంది. వేరే రాష్ట్రాల్లో తెల్ల ఆడవాళ్ళు అక్కడ ఉద్యోగం చెయ్యకూడదని ప్రయత్నాలు జరిగాయి. ఒక్కడు (అదీ రుజువవ్వని ఒక్కడు) చేసినదానికి వేలమంది కౌంటరు వెనక నిలబడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

1943లో ఆ చట్టం రద్దయింది. దయ పుట్టి కాదు, జపాన్ మీద యుద్ధంలో చైనా మిత్రదేశం అయింది కాబట్టి. రద్దయ్యాక ఏడాదికి ఎంతమందికి అవకాశం ఇచ్చారో తెలుసా? 105. గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరుస్తున్నవాళ్ళు ఈ అంకె చూసి కాస్త ఊరట పొందొచ్చు. అసలు తలుపు తెరుచుకుంది 1965 చట్టంతో, దాంట్లోంచే తర్వాత మనవాళ్ళూ వచ్చారు. తైవాన్ నుంచీ, హాంకాంగ్ నుంచీ కొత్త వంటవాళ్ళు దిగారు. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ బీజింగ్‌లో చాప్‌స్టిక్స్‌తో తింటుంటే టీవీలో అమెరికా అంతా చూసింది. మర్నాటి నుంచీ నిన్నటి వరకూ ఎలుక మాంసం అన్న నోళ్ళే పెకింగ్ డక్ ఉందా అని అడగడం మొదలెట్టాయి. నాలుక మారలేదు, విదేశాంగ విధానం మారింది.

ఆ ఊపులోనే జనరల్ సో చికెన్. జనరల్ సో నిజం మనిషే, పందొమ్మిదో శతాబ్దపు హునాన్ సేనాపతి, ఈ వంటకంతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. 1950ల్లో తైవాన్‌లో పెంగ్ చాంగ్-కుయే అనే వంటవాడు కనిపెట్టి, సొంత రాష్ట్రం మీద బెంగతో ఆ పేరు పెట్టాడు. ఆయన చేసినదాంట్లో తీపి లేదు. 1973లో ఆయన న్యూయార్క్ వచ్చేసరికే అక్కడ వేరేవాళ్ళు చక్కెర వేసి, కరకరలాడేట్టు వేయించి అమ్మేస్తున్నారు. కాపీ కొట్టాడని ఆయన్నే అన్నారట, ఇంతకన్నా ఘోరం ఉంటుందా. 1990లో ఆయన హునాన్ రాజధాని చాంగ్‌షాలో హోటలు పెడితే అక్కడివాళ్ళు తీపెక్కువైందన్నారు, అది మూతపడింది. ఒకే వంటకం అమెరికాలో సూపర్‌హిట్, పుట్టిల్లు అనుకున్నచోట అట్టర్‌ఫ్లాప్. 2016లో తైవాన్‌లో పోయాడాయన.

ఇక మా మేనేజరు తలనొప్పి దగ్గరికొద్దాం. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు నాచుతో కాచే చారుకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి గ్లుటమేట్‌ని పట్టుకున్నాడు. దాన్ని ఉప్పులా మార్చి అమ్మిందే అజినమోటో. ఇది టమాటాలో, చీజులో సహజంగానే ఉంటుంది. అమెరికాలో డబ్బా సూపుల్లో, చిప్స్‌లో, 1960ల్లో చిన్నపిల్లల సీసా ఆహారంలో కూడా కలిపారు. ఎవరికీ ఏ నొప్పీ రాలేదు.

1968 ఏప్రిల్లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కి రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు ఒక చిన్న ఉత్తరం రాశాడు. అమెరికాలో చైనా హోటల్లో తిన్నప్పుడల్లా మెడ వెనక తిమ్మిరి, నీరసం, గుండె దడ వస్తున్నాయి, కారణం సోయా సాసా, వంట మద్యమా, అజినమోటోనా, ఉప్పా, ఎవరైనా పరిశోధిస్తే బాగుండు అని. ఆయన అడిగింది నాలుగు అనుమానాలతో ఒక ప్రశ్న. జర్నలు వాళ్ళు పెట్టిన శీర్షిక 'చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్'. బగ్ రిపోర్టులో రూట్ కాజ్ తేలకముందే టైటిల్లో ఒక మాడ్యూలు పేరు పెట్టేస్తే ఏమవుతుందో మనకి తెలుసు, టికెట్టు ఎప్పటికీ ఆ టీము నెత్తినే ఉంటుంది. మరుసటి ఏడాది ఎలుక పిల్లల చర్మం కింద భారీ మోతాదులో ఎక్కించి మెదడు దెబ్బతిందని చూపించారు. మనం అజినమోటోని ఇంజక్షన్ చేసుకోం కదా అని అడిగినవాళ్ళ మాట ఎవరికీ వినపడలేదు. ఈ మధ్య 2018లో ఒక ముసలి డాక్టరు, ఆ ఉత్తరం పందెం కోసం నేనే దొంగపేరుతో రాశాను అని చెప్పుకున్నాడు. వెతికితే క్వాక్ నిజంగా ఉన్న మనిషేననీ, ఉత్తరం ఆయనదేననీ తేలింది.

1995లో అమెరికా ప్రభుత్వం కోసం చేసిన పెద్ద సమీక్షలో తేలిందేంటంటే, ఏ తిండీ లేకుండా ఒకేసారి 3 గ్రాములు, ఆ పైన మింగితే కొందరికి కాసేపు తలనొప్పి, తిమ్మిరి లాంటివి రావచ్చు. మామూలుగా ఒక ప్లేటులో ఉండేది అర గ్రాము లోపే. 2020లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ఆ 'సిండ్రోమ్' నిర్వచనాన్ని కూడా సవరించింది. మా మేనేజరుకి ఇదంతా చెప్పలేదు, అప్రైజల్ దగ్గర్లో ఉంది. కానీ ఆయన బల్ల మీద చీజు చిప్స్ పాకెట్ వెనక్కి తిప్పి చదివాను. అందులోనూ ఉంది.

మనమేమీ తక్కువ తినలేదు. మన ఇళ్ళలో ఎంతమంది "టేస్టింగ్ సాల్ట్ వేస్తారు, ఒంటికి మంచిది కాదు" అంటూ చైనీస్ బండి వైపు వెళ్ళనివ్వలేదో లెక్కేసుకోండి. 2015లో మ్యాగీ గొడవప్పుడు సీసం ఒక పక్కా, అజినమోటో ఒక పక్కా కలిసిపోయి, రెండూ ఒకటే విషం అన్నట్టు టీవీల్లో మోగిపోయింది. సీసం నిజంగా విషం. రెండోదాని మీద గొడవ ప్యాకెట్టు మీద "కలపలేదు" అని రాయడం గురించి. ఈ తేడా చెప్పిన ఛానెల్ నాకైతే కనపడలేదు.

మంచూరియా ప్రశ్న ఒకటి మిగిలింది. మంచూరియా అంటే చైనా ఈశాన్య ప్రాంతం, అక్కడ ఈ వంటకం ఎవరికీ తెలియదు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్, తను చెప్పిన ప్రకారం 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో దీన్ని కనిపెట్టాడు. కొత్తగా ఏదైనా చెయ్యమని అడిగితే మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి పోపుతో మొదలెట్టి, గరం మసాలా బదులు సోయా సాసు పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచాడు. అది గోబీగా మారి, బెజవాడ బెంజి సర్కిల్ నుంచీ అమీర్‌పేట కోచింగు సెంటర్ల సందుల దాకా ప్రతి బండి మీదకీ ఎక్కింది. అది చైనా వంటా, మన వంటా అని నన్నడిగితే మన వంటే అంటాను.

అయితే ఆ వంట పెట్టినవాళ్ళని మనం ఎలా చూశామో కూడా చెప్పాలి. చైనా వాళ్ళు కలకత్తాకి 18వ శతాబ్దం చివర్లోనే వచ్చారు. వారెన్ హేస్టింగ్స్ ఇచ్చిన భూమిలో చెరకు మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూ పేరు మీదే అచ్చిపూర్ ఊరుంది. తరతరాలు అక్కడే పుట్టి, తోళ్ళు శుద్ధి చేసి, చెప్పులు కుట్టి, హోటళ్ళు నడిపారు. 1962 యుద్ధం రాగానే సుమారు 3000 మందిని, పసిపిల్లలతో సహా, రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు. కొందరు 1967 దాకా బయటికి రాలేదు. వచ్చేసరికి ఇళ్ళూ దుకాణాలూ లేవు. చాలామంది కెనడా వెళ్ళిపోయారు. టొరంటోలో 'హక్కా చైనీస్' అని బోర్డులుంటాయి, మనవాళ్ళు వారాంతంలో చిల్లీ చికెన్ కోసం వెళ్ళేది అక్కడికే. వాటిలో చాలావరకు అలా వెళ్ళినవాళ్ళు పెట్టినవే. కౌంటరు దగ్గర ముసలాయన హిందీలో పలకరిస్తే ముచ్చటపడి సెల్ఫీ దిగుతాం, ఆ హిందీ ఎక్కడిదో అడగం. 1882 చట్టం గురించి చదివి అమెరికా వాళ్ళని తిట్టుకున్నంత సేపు, నాకు ఈ దేవ్‌లీ ఎందుకు స్కూల్లో చెప్పలేదా అని కూడా అనిపించింది.

తిరిగి న్యూజెర్సీ. నవ్వని వెయిటరు గురించి బాకీ ఉంది కదా. 1980ల నుంచీ అమెరికా చైనా హోటళ్ళలోకి వచ్చిన కొత్తవాళ్ళు ఎక్కువగా ఫుజో ప్రాంతం వాళ్ళు. చాలామంది దొంగదారిన, ఏళ్ళ తరబడి తీరని అప్పులు చేసి వచ్చారు. 1993 జూన్‌లో గోల్డెన్ వెంచర్ అనే ఓడ న్యూయార్క్ ఒడ్డున ఇసుకలో కూరుకుపోయింది, అందులో 286 మంది. ఈదుతూ ఒడ్డుకి రాబోయి పదిమంది పోయారు. ఇలా వచ్చినవాళ్ళకి పని చూపించడానికి మాన్‌హట్టన్ చైనాటౌన్‌లో ఈస్ట్ బ్రాడ్‌వే చుట్టూ ఏజెన్సీలు. గోడ మీద కాగితాల్లో ఊరి పేరు కూడా సరిగ్గా ఉండదు. జీతం, పని, ఆ చోటు ఫోన్ ఏరియా కోడు, అంతే. ఇంగ్లీషు రాకపోయినా మూడంకెలు గుర్తుపట్టొచ్చు కదా. కాగితం పట్టుకుని రాత్రి చైనీస్ బస్సెక్కితే తెల్లారేసరికి ఒహాయోలోనో వర్జీనియాలోనో దిగుతారు. పడక ఓనరు ఇచ్చిన గదిలో, నలుగురైదుగురితో. వారానికి ఆరు రోజులు, రోజుకి పన్నెండు గంటలు. కొన్ని నెలలకి ఇంకో ఏరియా కోడు.

కన్సల్టెన్సీ, గెస్ట్ హౌస్, బెంచి, ఏ రాష్ట్రంలో ప్రాజెక్టు వస్తే ఆ రాష్ట్రానికి సూట్‌కేసు. తెలిసిన వాసనే కదా? మనకి జీతం, ఏసీ, ఇన్సూరెన్సు ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటని అనను, అంటే తప్పు. కానీ బస్సు దిగిన మొదటి రోజే పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి బిల్లు ముందే పెట్టాడని ఫిర్యాదు చేసేముందు ఇది తెలిసి ఉంటే మంచిది. ఈ లెక్కన అయినా వెజ్ సూపులో చికెన్ నీళ్ళు సమర్థించను. అక్కడ వరంగల్ అమ్మాయి వైపే నేను. వెజ్ అంటే ముక్క లేకపోవడం అని వాళ్ళు అనుకుంటారు, అది చట్టం తప్పూ కాదు, చరిత్ర తప్పూ కాదు, అడిగితే చెప్పాలి, అంతే.

2020 మొదట్లో, లాక్‌డౌన్ ఇంకా రాకముందే, కరోనా భయంతో ముందు ఖాళీ అయిపోయినవి ఈ హోటళ్ళే. కానీ అవి తగ్గడం అంతకు ముందే మొదలైంది. 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ ఒక లెక్క వేసింది, పెద్ద నగరాల్లో మొత్తం హోటళ్ళలో చైనా వాటి వాటా అయిదేళ్ళలో 7.3 శాతం నుంచి 6.5కి దిగింది. జనానికి మొహం మొత్తి కాదు. ఓనర్ల పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళిపోయారు, నడపడానికి ఎవరూ లేరు, ఓనర్లకీ అదే కావాలి.

మా డేటాబేస్ టీములో అలాంటి అమ్మాయే ఒకావిడ ఉంది. పెన్సిల్వేనియాలో చిన్న ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నల టేకౌట్. స్కూలు నుంచి రాగానే కౌంటరు కింద స్టూలు మీద హోంవర్కు, మధ్యలో ఫోన్ మోగితే ఆర్డరు రాసుకోవడం. ఇంగ్లీషు వచ్చింది ఇంట్లో ఆమెకొక్కదానికే కాబట్టి, కస్టమర్ తిడితే వినాల్సిందీ ఆమే, ఎనిమిదేళ్ళ వయసులో. వాళ్ళ నాన్న 2018లో అమ్మేశాడట. మరి ఇప్పుడక్కడ ఏముందని అడిగాను. "అదే హోటలు, అదే బోర్డు, గోడ మీద ఫోటోలు కూడా మావే. కొన్నవాళ్ళు మా వైపు వాళ్ళే, కొత్తగా వచ్చారు. వాళ్ళ పాపకి ఆరేళ్ళు" అంది.